పేరు లేని తెల్ల కవర్లు

"సాయంత్రంలోగా ఈవిడని స్టేషన్‌కి తీసుకెళ్తాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్. నర్సు ఎదురుగానే ఉంది. అయినా ఆవిడేదో గోడవారన పడున్న బెంచీ అయినట్టే మాట్లాడాడు. "మీరు అడగాల్సింది ఏదైనా ఉంటే ఈలోపు అడుక్కోండి."

డిటెక్టివ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అతన్ని తెలిసినవాళ్లంతా భూతద్దం అంటారు. చేసే పనిని చూసి పెట్టిన పేరు కాదది, కళ్లజోడుని చూసి పెట్టింది. ఇన్‌స్పెక్టరూ అతనూ ఒకప్పుడు ఒకే స్టేషన్‌లో పక్కపక్క టేబుళ్ల మీద పనిచేశారు. ఒకడు ఉద్యోగంలో ఉండి పైకి పోయాడు, ఒకడు అలిగి బయటికొచ్చేశాడు. అప్పట్నుంచీ ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

వాళ్లు కూర్చున్నది పిల్లలు లేనివాళ్లకి వైద్యం చేసే క్లినిక్‌లో, మందులిచ్చే గదిలో. ఒక టేబులు, మూడు కుర్చీలు, గాజు తలుపు ఫ్రిజ్ ఒకటి. ఇక్కడ వైద్యం చేయించుకున్న ఓ ఇంటి చిన్నకోడలు, అండాలు తీయించుకున్న కొద్ది రోజులకే పొట్ట ఉబ్బి, ఊపిరాడక, పెద్దాసుపత్రి ఐసీయూలో పడింది. పొట్టలో నీరు, ఊపిరితిత్తుల చుట్టూ నీరు. బతుకుతుందో లేదో అక్కడి డాక్టర్లు చెప్పడం లేదు. మొగుడు పోలీసు రిపోర్టు ఇచ్చాడు. ఈ క్లినిక్ నడిపే డాక్టరమ్మ డిటెక్టివ్‌ని పిలిపించుకుంది.

"మళ్లీ ఒకసారి చెప్పండి డాక్టర్‌గారూ, నాబోటివాడికి అర్థమయ్యేట్టు," అన్నాడు డిటెక్టివ్.

గుమ్మం దగ్గర నిలబడ్డ డాక్టరమ్మ లోపలికి రాలేదు. తన క్లినిక్‌లో తనే పరాయిదైపోయినట్టు అక్కడినుంచే మాట్లాడింది. "ఆ అమ్మాయి అండాశయాల్లో బుడగలు చాలా ఎక్కువ. మొదటి స్కాన్‌లోనే చూశా. అలాంటివాళ్లకి మందు కాస్త ఎక్కువైతే అండాశయాలు వాచిపోతాయి. రక్తనాళాల్లోంచి నీరు ఊరి పొట్టలోకి చేరుతుంది. రక్తం చిక్కబడుతుంది, గడ్డలు కడుతుంది. అందుకే మొదట్నుంచీ తక్కువ డోసు ఇచ్చా. అండాలు పక్వం కావడానికి చివర్లో ఒక ఇంజెక్షన్ ఉంటుంది, ట్రిగ్గర్ అంటాం. అది కూడా మామూలుది రాయలేదు. రెండో రకం రాశా. అది తన పని తాను చేసి తొందరగా ఒంట్లోంచి పోతుంది. మామూలుదైతే రోజుల తరబడి ఉండి అండాశయాల్ని రెచ్చగొడుతూనే ఉంటుంది."

"పిండాలు?"

"ఈ నెల లోపల పెట్టలేదు, ఫ్రీజ్ చేశాం. గర్భం వస్తే ఆ మామూలు ఇంజెక్షన్‌లో ఉండే హార్మోనే ఒంట్లో పుడుతుంది. అప్పుడు ఇంకా ప్రమాదం. అన్ని దారులూ మూసేశాననే అనుకున్నా."

"ఒకటి తెరిచే ఉంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఐసీయూలో రక్తపరీక్ష చేస్తే ఆ హార్మోను దొరికింది. గర్భం లేని మనిషి ఒంట్లోకి అది గాల్లోంచి వచ్చి చేరదు కదా. ఎవరో ఎక్కించారు. రాసింది మీరు, ఇచ్చింది ఈవిడ. నాకు మూడో మనిషి కనబడటం లేదు."

నర్సు ఒళ్లో చేతులు పెట్టుకుని నేల చూస్తోంది. నలభై దాటిన మనిషి. ముందు రోజు పేపర్లో ఆవిడ ఫొటో వేశారు. ఈ పూట క్లినిక్‌కి వస్తూ మొహానికి చున్నీ కట్టుకుని వచ్చింది.

డిటెక్టివ్ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. శవాల గురించీ విషాల గురించీ టీ తాగుతూ మాట్లాడగల మనిషికి, ఈ కేసు ఒప్పుకున్న దగ్గర్నుంచీ ప్రతి ప్రశ్నా అడగాలంటే సిగ్గేస్తోంది. ఐసీయూలో చిన్నకోడల్ని పలకరించినప్పుడు ఆ పిల్ల ఆక్సిజన్ మాస్క్ పక్కకి జరిపి అడిగిన మొదటి మాట, "మా అత్తయ్యగారికి ఏం జబ్బని చెప్పారు?" అని. చావుకి భయపడుతున్నట్టు లేదు. అత్తకి తెలుస్తుందేమోనని భయపడుతోంది. అక్కడ్నుంచి బయటికొచ్చాక చాలాసేపు అతనికి ఎవరి మొహమూ చూడబుద్ధి కాలేదు.

"ఆ రోజు చిన్నకోడలికి ఇచ్చిన మందు కవరు మీద పేరెందుకు లేదు?" అన్నాడు నర్సుతో.

"ఎవరి కవరు మీదా ఉండదండీ. వాళ్లే రాయొద్దంటారు," అంది నర్సు. "పెట్టె కూడా వద్దంటారు, పెట్టె మీద మందు పేరుంటుంది కదా. అందుకని సిరంజిలోకి ఎక్కించి, తెల్ల కవర్లో పెట్టి, చల్లగా ఉండటానికి ఓ నీలం జెల్ ప్యాక్ జతచేసి ఇస్తాం. ఇంటికెళ్లి ఫ్రిజ్‌లో దాచుకుని, చెప్పిన టైముకి వాళ్లే వేసుకుంటారు. మళ్లీ వచ్చినప్పుడు పాత ప్యాక్ తిరిగిస్తేనే కొత్తది."

"బోర్డు లేని క్లినిక్, పేరు లేని కవరు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "దొంగసారా కొట్టు కూడా ఇంతకంటే బహిరంగంగా నడుస్తుంది."

డాక్టరమ్మ మొహం కందిపోయింది. "ఇక్కడికొచ్చేవాళ్లు ఎంత చితికిపోయి వస్తారో మీకు తెలీదు. వెనక మెట్ల మీంచి రానిస్తాం. ఒకరు వెళ్లాకే ఇంకొకర్ని పిలుస్తాం. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే నంబరు ఇస్తాం. ఒకరి మొహం ఒకరు చూడకుండా ఇన్నేళ్లు నడిపాను. అదే మా గొప్ప అనుకున్నాను."

డిటెక్టివ్ ఆ మాట వదల్లేదు. "ఆ రోజు ట్రిగ్గర్ ఇచ్చింది చిన్నకోడలు ఒక్కావిడకేనా?"

నర్సు డాక్టరమ్మ వైపు చూసింది.

"నన్ను చూసి చెప్పండి," అన్నాడతను, గొంతు పెంచి. "ఇంకెవరికైనా ఇచ్చారా?"

"ఇంకో ఆవిడకి. పదిహేడో నంబరు. ఆవిడకి మామూలుది."

"ఆవిడకి ఏమైంది?"

నర్సు మళ్లీ డాక్టరమ్మ వైపు చూసింది. "చెప్పండమ్మా, ఇది దాచే టైమా?" అని అతను టేబులు మీద అరచేత్తో చరిచాడు. ఆవిడ ఉలిక్కిపడింది. జవాబు డాక్టరమ్మ చెప్పింది. "ఆవిడకి ఆ ట్రిగ్గర్‌తో అండాలు ఒక్కటీ రాలేదు. రక్తంలో మందు ఛాయ కూడా లేదు. ఏమైందమ్మా అంటే, చెయ్యి వణికి మందంతా కింద పోయిందండీ అంది. అలా చేసుకునేవాళ్లు ఉంటారు. నమ్మాను."

"రెండో రకం ఇంజెక్షన్ ఆవిడ వేసుకుని ఉంటే?"

"ఆవిడకి నడిపిన వైద్యం పద్ధతి వేరు. ఆ పద్ధతిలో రెండో రకం నీళ్లతో సమానం." ఆ మాట అన్నాక గానీ, తను ఏం చెప్పిందో డాక్టరమ్మకి తెలియలేదు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇన్‌స్పెక్టర్ మెల్లిగా చప్పట్లు కొట్టాడు. "ఒకావిడకి రావాల్సింది ఇంకొకావిడకి వెళ్లింది. ఇచ్చిన చెయ్యి ఒకటే. మూడు రోజులుగా నేను వెతుకుతున్న ముక్క ఇదే. పళ్లెంలో పెట్టి అందించారు భూతద్దంగారూ, చాలా థాంక్స్."

నర్సు తలెత్తి డిటెక్టివ్‌ని చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. తనని కాపాడటానికి వచ్చిన మనిషని పొద్దుట్నుంచీ ఆశ పెట్టుకున్న చూపు అది, మెల్లిగా ఆరిపోయింది. అతనికి తల కొట్టేసినట్టయింది. పోలీసు ఉద్యోగం మానేసినా టేబులు చరిచే అలవాటు మానలేదని, అదీ ఓ నోరులేని మనిషి ముందు చరిచానని సిగ్గుతో చచ్చిపోయాడు.

"రెండు కవర్లూ ఇక్కడ ఎప్పుడూ కలిసి లేవండీ," అంది నర్సు, ఎవరి వైపూ చూడకుండా. "చిన్నావిడ మధ్యాహ్నం పట్టుకెళ్లిపోయారు. రెండో ఆవిడది సాయంత్రం కలిపాను."

"అది నీ మాట," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నా మాట కూడా," అంది డాక్టరమ్మ. "పదిహేడో నంబరుకి సాయంత్రం స్కాన్ చూశాకే ట్రిగ్గర్ ఆ రోజని తేల్చాను. మధ్యాహ్నం దాకా నాకే తెలియదు."

డిటెక్టివ్ కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. సిగ్గుపడ్డ మనిషి బుర్ర ఒక్కోసారి పాదరసంలా పనిచేస్తుంది. "ఇన్‌స్పెక్టర్‌గారూ, మధ్యాహ్నం ఒక తప్పు, సాయంత్రం ఇంకో తప్పు. రెండూ ఒకదానికొకటి సరిగ్గా తిరగేసినట్టు. పరధ్యానంలో ఉన్న మనిషి ఒక తప్పు చేస్తుంది గానీ ఇంత చక్కగా జత కుదిరే తప్పులు రెండు చేయదు. అవి తారుమారయ్యాయంటే ఎక్కడో ఓ చోట, పక్కపక్కనే ఉండి ఉండాలి. ఇక్కడ లేవు. మరి ఎక్కడ కలిశాయి?"

"అద్దంలో చూసుకుని అడుక్కోండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"పదిహేడో నంబరావిడ ఇల్లెక్కడ?"

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. ఉన్నది ఫోన్ నంబరు ఒక్కటే. చేసింది. రింగవుతోంది, ఎవరూ ఎత్తలేదు.

"అయితే చిన్నకోడలి ఇంటికి పోదాం. కవరు చేరింది ఆ ఫ్రిజ్‌లోకేగా," అన్నాడు డిటెక్టివ్. ఇన్‌స్పెక్టర్ నవ్వాడు గానీ కాదనలేదు. వాడిన కవరో సిరంజో దొరికితే నర్సు చేత గుర్తుపట్టించి, అటు నుంచి అటే స్టేషన్‌కి తీసుకుపోవచ్చు. నర్సుని జీపు ఎక్కించాడు.

తలుపు తీసింది అత్తగారు. సన్నగా, పొడుగ్గా, చీర కుచ్చిళ్లు కూడా కొలిచి పెట్టినట్టుండే మనిషి. చిన్నకొడుకు ఆసుపత్రిలోనే ఉన్నాడు. పెద్దకొడుకు ఉద్యోగం పని మీద ఊరెళ్లాడు. పెద్దకోడలు మేడ మీద పడుకుని ఉంది.

"తలనొప్పి. లేపకండి," అంది అత్తగారు, ఎవరూ అడక్కముందే.

వంటిల్లు అద్దంలా ఉంది. ఫ్రిజ్ మాత్రం పాతది, ఒంటి తలుపుది. డిటెక్టివ్ దాని ముందు గొంతుక్కూర్చుని ఒక్కొక్క అరా చూశాడు. తలుపు అరలో అత్తగారి షుగరు ఇంజెక్షన్లు. కింద కూరల సొరుగు. మధ్య అరలో పాలగిన్నె, దాని వెనక ఖాళీ వెన్న డబ్బా. పైన మంచు అర తెరిచాడు. ఇంత పాత ఫ్రిజ్‌లో వేలు లావు మంచు పేరుకుని ఉండాలి. పల్చటి పొర తప్ప ఏమీ లేదు. ఆ పొర మీద, ఒకదాని పక్కన ఒకటి, రెండు నీలం జెల్ ప్యాకులు ఉన్నాయి.

అతను వాటిని తీసి బల్ల మీద పెట్టాడు. "ఒక్కొక్కరికి ఒకటే ఇస్తామంది నర్సు. పాతది ఇస్తేనే కొత్తది."

"ఒకటి ఎక్కడో కొనుక్కున్నారు. దాన్ని పట్టుకుని కేసు కొట్టేయమంటారా?" అన్నాడు గుమ్మానికి ఆనుకున్న ఇన్‌స్పెక్టర్.

డిటెక్టివ్ అతని మాట పట్టించుకోలేదు. "ఈ ఫ్రిజ్ ఎవరు కడుగుతారమ్మా?"

"నేనే. గడ్డ కట్టినప్పుడల్లా అంతా బయటపెట్టి కడుగుతాను. వాళ్లకి చేతకాదు, సగం సగం చేస్తారు."

"చిన్నకోడలు ఆ ఇంజెక్షన్ వేసుకున్న రోజు కూడా కడిగారా?"

"ఆ రోజు సాయంత్రమే..." అని ఆగిపోయింది అత్తగారు.

"ఏ ఇంజెక్షనని మీరు అడగలేదు," అన్నాడతను, ఈసారి గొంతు పెంచకుండా. "మీకు కోడలి జబ్బు పేరు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదని మీ అబ్బాయి నాతో అన్నాడు. ఊపిరితిత్తుల్లో నిమ్ము అని చెప్పాడట."

అత్తగారు పైటకొంగు భుజం నిండా కప్పుకుంది. వంటింట్లో ముగ్గురే ఉన్నా, నలుగురి మధ్య నిలబెట్టినట్టు గోడవైపు తిరిగిపోయింది. డిటెక్టివ్‌కి లేచి వెళ్లిపోవాలనిపించింది. కానీ జీపులో కూర్చున్న మనిషి గుర్తొచ్చి ఆగాడు.

"బయట ఒకావిడ ఉందమ్మా. మీరు నోరు విప్పకపోతే ఈ రాత్రి లాకప్‌లో ఉంటుంది."

ఆవిడ గోడతోనే మాట్లాడింది. "రెండు కవర్లున్నాయి. ఒకటి కూరల సొరుగు అడుగున. ఒకటి ఆ వెన్న డబ్బాలో. తెల్లగా, అచ్చం ఒకేలా. తీసి బల్ల మీద పెట్టి, అరలన్నీ తుడిచి, మళ్లీ పెట్టేశాను. ఏది ఎక్కణ్నుంచి తీశానో చూసుకోలేదు. ఒకే మందనుకున్నాను."

"అవేంటో మీకు తెలుసా?"

"నేను రోజూ సూది పొడుచుకునే మనిషినే కదండీ. పొట్ట మీద ఆ నీలం మచ్చలు నాకు తెలియవా? చీర సర్దుకుంటుంటే చిన్నదాని ఒంటి మీద కనబడ్డాయి."

"రెండో కవరు ఎవరిది?"

"అది నా నోటితో చెప్పను."

చెప్పక్కర్లేదు. ఆ ఇంట్లో ఇంకో ఆడమనిషి ఒక్కతే ఉంది. ఇన్‌స్పెక్టర్ కూడా గుమ్మానికి ఆనుకోవడం మానేసి నిటారుగా నిలబడ్డాడు.

"వాళ్లని ఒక్క మాట అడిగి ఉంటే..." అన్నాడు డిటెక్టివ్.

"ఎలా అడగను?" ఆవిడ ఇటు తిరిగింది. కళ్లు తడిగా లేవు, ఎర్రగా ఉన్నాయి. "పెద్దది కాపురానికొచ్చిన కొత్తలో, చుట్టాలందరి ముందూ, ఇంకా ఏమీ లేదా అన్నాను. సరదాకే అన్నాను. ఆ పిల్ల అన్నం ముందు నుంచి లేచిపోయింది. ఆ రోజు నుంచీ ఆ ఊసు నా నోట రాలేదు. వాళ్లిద్దరూ దాచుకుంటుంటే, నేను చూడనట్టు ఉండటమే మర్యాదనుకున్నాను."

"చిన్నకోడలు ఐసీయూలో పడ్డాక కూడా?"

"నర్సు మందు మార్చేసిందని పేపర్లో చూశాను. అప్పుడే నాకు గుండెల్లో రాయి పడింది." ఆవిడ గొంతు పూర్తిగా తగ్గిపోయింది. "తెలిసీ తెలియనట్టు ఊరుకున్నాను. చెబితే పెద్దదాని గుట్టు బయటపడుతుంది. నా సంగతీ బయటపడుతుంది. ఏది ముందు అనుకున్నానో నాకే తెలీదు."

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి పెన్ను తీశాడు, మళ్లీ పెట్టేసుకున్నాడు. "ఇదంతా రాసిస్తారా?" అన్నాడు. అత్తగారు తలూపింది.

కేసు తేలిపోయినట్టే. మామూలుగా అయితే భూతద్దం ఈపాటికి ఇన్‌స్పెక్టర్ మీద ఓ చురక వేసి, కాలు మీద కాలేసుకుని కూర్చునేవాడు. కానీ ఒక పెద్దావిడ చేత వంటింట్లో గుట్టు విప్పించినందుకు అతనికి తన మీద తనకే రోత పుట్టింది. అంతకంటే ముఖ్యంగా, పొద్దున్న క్లినిక్‌లో అడగాల్సిన ప్రశ్న ఒకటి అడగలేదని అప్పుడే తట్టింది. ఫోన్ తీసి డాక్టరమ్మకి చేశాడు.

"పదిహేడో నంబరావిడకి అండాలు రాలేదన్నారు. ఆ తర్వాత ఏం చేశారు?"

"ఒక వైపు అండాశయం మాత్రమే చూసి ఆపేశాను. మందు సరిగా పడలేదంటోంది కాబట్టి, ఆ రోజే నా చేత్తో మామూలు ఇంజెక్షన్ మళ్లీ వేశాను. తర్వాత రెండో వైపు నుంచి తీశాం. అనుకున్నదానికంటే చాలా వచ్చాయి. అన్ని వచ్చాయంటే ఆవిడకీ ప్రమాదమే. రోజూ బరువు చూసుకోమన్నాను. పొట్ట ఉబ్బినా, ఆయాసం వచ్చినా, ఒంటేలు తగ్గినా వెంటనే రమ్మన్నాను. బాగానే ఉన్నానని రోజూ ఫోన్ చేసేది. నిన్నట్నుంచి ఎత్తడం లేదు. ఎందుకు అడుగుతున్నారు? ఆవిడ ఎక్కడుంది?"

"నా నెత్తి మీద," అని డిటెక్టివ్ మెట్ల వైపు పరిగెత్తాడు.

మేడ మీద రెండు గదులు ఎదురెదురుగా ఉన్నాయి. మధ్యలో ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు నడవా. చిన్నకోడలి గదికి తాళం వేసి ఉంది. ఇవతలి తలుపు లోపల గడియ పెట్టి ఉంది. కొట్టాడు. "వద్దు, రాకండి," అని వినపడింది లోపల్నుంచి. రెండు మాటలకీ మధ్య మూడు ఊపిర్లు తీసుకుంది ఆ గొంతు.

డిటెక్టివ్ మెట్ల మీంచి వంగి, "నర్సుని పైకి పంపండి," అని అరిచాడు.

"ముద్దాయిని సాక్షి గదిలోకి పంపడం కుదరదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ కింద నుంచి, అలవాటు చొప్పున.

"ముద్దాయి ఎవరో ఇప్పుడే విన్నావుగా. ఆ నర్సుని పేపర్లోకి ఎక్కించింది నువ్వు, ఇందాక బల్ల గుద్ది ఏడిపించింది నేను. ఇద్దరం కలిసి ఇంకో ప్రాణం కూడా తీద్దామా?"

ఇన్‌స్పెక్టర్ తనే వెళ్లి జీపు తలుపు తీశాడు. తిరిగొచ్చి, ఎవరూ చెప్పకుండానే గడియ ఉన్న చోట భుజంతో ఒక్కటిచ్చాడు. తలుపు తెరుచుకుంది.

పెద్దకోడలు మంచం మీద నాలుగు దిండ్లకి జారగిలబడి కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరాడక అలా కూర్చుందని చూడగానే తెలుస్తోంది. ఒంటి మీద దుప్పటి మెడ దాకా ఉంది. దుప్పటి కింద పొట్ట నిండు నెలల మనిషికి ఉన్నంత ఎత్తుగా ఉంది. ఇద్దరు మగవాళ్లని చూసి దుప్పటి ఇంకా పైకి లాక్కుంది. వాళ్ల వెనక నర్సుని చూశాక మాత్రం ఆ చెయ్యి ఆగిపోయింది.

నర్సు ఏమీ అడగలేదు. దుప్పటి కింద నుంచి కాళ్లు చూసింది. కుడికాలు మామూలుగా ఉంది. ఎడమకాలు పిక్క దగ్గర రెట్టింపు వాచి, మెరుస్తూ ఎర్రగా ఉంది. నర్సు గభాల్న వెనక్కి తిరిగింది. "ఈవిడని నడిపించొద్దు. అడుగు కూడా వేయనివ్వొద్దు. కుర్చీలో దింపండి," అంది మగవాళ్లిద్దరితో. "కాల్లో రక్తం గడ్డ కట్టింది. అది కదిలితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది."

అంబులెన్స్ వచ్చేదాకా ఆగే వ్యవధి లేదు. జీపు ఉంది. ఇన్‌స్పెక్టర్ కుర్చీకి ముందు వైపు పట్టాడు, డిటెక్టివ్ వెనక వైపు పట్టాడు. పొద్దుట్నుంచీ కొట్టుకు చస్తున్న ఇద్దరూ ఒక్కో మెట్టూ చూసుకుంటూ, "మెల్లిగా", "నీ వైపు ఎత్తు" అని చెప్పుకుంటూ దించారు. నర్సు పక్కనే దిగుతోంది. సగం మెట్ల మీద పెద్దకోడలు నర్సు మణికట్టు పట్టుకుంది.

"సిస్టర్, పేపర్లో మీ ఫొటో చూశాను."

"తర్వాత మాట్లాడుకుందాం. ఊపిరి తీసుకోండి."

"లేదు, వినండి." ఆవిడ మాట మాటకీ ఆగింది. "ఇంతకుముందు రెండుసార్లు చేయించుకున్నా. సిరంజిలో మందు ఎంత ఉంటుందో నాకు తెలుసు. ఆ రాత్రి కవరు విప్పితే సగం కూడా లేదు. నాది కాదని అప్పుడే తెలిసింది."

కుర్చీ పట్టుకున్న ఇద్దరూ ఆగిపోయారు.

"నాది కాదంటే, నాది ఇంకొకరి చేతిలో ఉంది. ఈ ఇంట్లో ఇంకొకరంటే ఎవరు?" ఆవిడ కళ్లు మూసుకుంది. "చెల్లి గదిలో లైటు వెలుగుతోంది. లేచి వెళ్లాను. తలుపు తట్టడానికి చెయ్యెత్తాను కూడా. తడితే, అక్కా నువ్వు కూడానా అంటుంది కదా. ఆ మాట వినలేక చెయ్యి దించేశాను. వెనక్కొచ్చి, నాది కానిదే వేసుకున్నా. డాక్టర్‌గారితో కింద పోయిందని అబద్ధం చెప్పాను. దానికి ప్రాణం మీదకొస్తుందని తెలీదు సిస్టర్. అది ఆసుపత్రిలో పడ్డాక తెలిసింది. మిమ్మల్ని పట్టుకున్నారని తెలిసింది. అప్పుడూ చెప్పలేదు."

నర్సు ఆ చెయ్యి విదిలించుకోలేదు. పట్టుకోనూ లేదు. ఉన్నచోట ఉండనిచ్చింది. "ముందు పైకి చూడండి," అంది. "నోటితో ఊపిరి తీయండి."

మెట్ల కింద అత్తగారు నిలబడి ఉంది. అన్నీ వింది. పెద్దకోడలు ఆవిడని చూసి, అంత ఆయాసంలోనూ దుప్పటి అంచు పొట్ట మీదకి లాక్కోబోయింది. అత్తగారు వచ్చి ఆ అంచు పట్టుకుని సరిగ్గా కప్పింది.

"నువ్వొక్కదానివే కాదు," అంది. "మీ ఇద్దరి తలుపులూ ఎదురెదురుగా ఉన్నాయి. ఒక్కటి కూడా నేను తట్టలేదమ్మా."

పెద్దకోడలు ఏదో అనడానికి పెదాలు కదిపింది. ఇన్‌స్పెక్టర్ తొందరపెట్టాడు. జీపు వెనక సీట్లో పడుకోబెట్టకుండా కూర్చోబెట్టారు. ఒక పక్క నర్సు, ఒక పక్క అత్తగారు. డిటెక్టివ్ ముందు ఎక్కి డాక్టరమ్మకి మళ్లీ ఫోన్ కలిపాడు. "ఐసీయూలో ఇంకో మంచం సిద్ధం చేయించండి," అంటుండగా వెనక నుంచి అత్తగారు, "అమ్మా, అమ్మా, ఇటు చూడు," అనడం వినపడింది. తిరిగి చూశాడు. పెద్దకోడలి తల అత్తగారి భుజం మీదకి వాలిపోయి ఉంది. నర్సు అప్పటికే పెద్దకోడలి మెడ మీద వేళ్లు పెట్టి నాడి వెతుకుతోంది.